గాజుజాడీలో లేచిన నీరు

ఉన్నత పాఠశాలలో చదివిన ప్రతివారికిని ఈ ప్రయోగము జ్ఞాపకముండును. వెడల్పయిన పళ్లెములో కొంత నీరు పోసి, నడుమ ఒక కొవ్వొత్తిని నిలిపి వెలిగింతురు. దానిపై గాజుజాడీని బోర్లింతురు. కొద్దిసేపటికి మంట సన్నగిల్లి ఆరిపోవును. పళ్లెములోని నీరు జాడీలోనికి ఎగబ్రాకును. అప్పుడు ఉపాధ్యాయుడు వివరించును: గాలిలో అయిదవ వంతు ఆమ్లజని, అనగా మనము నేడు ఆక్సిజన్ అనుచున్న వాయువు; కొవ్వొత్తి దానిని కాల్చివేసినది; ఖాళీపడిన చోటును నీరు ఆక్రమించినది; కావుననే నీరు జాడీలో అయిదవ వంతు ఎత్తునకు లేచినది. విద్యార్థులు "1/5" అని పుస్తకములలో వ్రాసికొని ఇంటికి పోవుదురు.

కొంతకాలము క్రిందట ఒక పాఠశాలలోని విజ్ఞాన ప్రదర్శనమునకు నన్ను పరీక్షకునిగా పిలిచిరి. తొమ్మిదవ తరగతి విద్యార్థులు ముగ్గురు ఈ ప్రయోగమును చూపుచుండిరి. వారి జాడీ ఎత్తు 20 సెంటీమీటర్లు. జాడీకి కాగితపు పట్టీ అంటించి, సెంటీమీటర్ల గుర్తులు శ్రద్ధగా పెట్టిరి. కాని పళ్లెములో కొవ్వొత్తి ఒకటి కాదు, రెండు ఉన్నవి. రెండెందుకని అడిగితిని.

"ఒకటి పెడితే నీళ్లు రెండు సెంటీమీటర్లే లేచాయి సార్. ప్రయోగం ఫెయిలయిందనుకున్నాం. మూడు పెడితే అయిదు లేచాయి. రెండు పెడితే నాలుగు. పుస్తకంలో ఉన్నట్టే సరిగ్గా అయిదో వంతు" అని వారిలో పెద్దవాడు సంతోషముతో చెప్పెను.

ప్రక్కనున్న బాలిక మెల్లగా అడిగినది: "జాడీ అదే కదా సార్. అందులో గాలీ అంతే కదా. మరి మూడు కొవ్వొత్తులకి ఎక్కువ ఆక్సిజన్ ఎక్కణ్ణించి వచ్చింది?"

ఆ మాట వినగానే నా చిన్ననాటి రికార్డు పుస్తకము జ్ఞప్తికి వచ్చినది. అందులో నేనును "1/5" అని వ్రాసితిని. కొలువకయే వ్రాసితిని. మార్కులు పూర్తిగా వచ్చినవి.

ఒక కొవ్వొత్తితో చేసినప్పుడు ఆ పిల్లల ప్రయోగము నిజముగా విఫలమయినదా? విఫలమయినచో ఏది విఫలమయినది? జాడీయా, చేసిన చేతులా, లేక మనము చెప్పిన వివరణమా? ఈ చిన్న ప్రయోగమునకు రెండువేల ఏండ్లకు మించిన చరిత్ర కలదు. ఆ చరిత్రను కొంత తెలిసికొన్నచో బాలిక ప్రశ్నకు సమాధానము దొరకును.

ఫైలో చూచినది

క్రీస్తుకు పూర్వము 3వ శతాబ్దములో బైజాంటియము నగరమునకు చెందిన ఫైలో అను గ్రీకు యంత్రజ్ఞుడుండెను. వాయువులతోను, నీటితోను పనిచేయు పరికరములను గూర్చి ఆయన ఒక గ్రంథము వ్రాసెను. అది అరబ్బీ, లాటిను అనువాదముల ద్వారా మనకు మిగిలినది. అందులో ఈ ప్రయోగమే కలదు. నీటి నడుమ మండుచున్న వత్తిపై పాత్రను బోర్లించినచో నీరు పాత్రలోనికి లేచునని ఆయన వర్ణించెను. నిప్పు పాత్రలోని గాలిని కొంత నశింపజేయుననియు, ప్రకృతిలో శూన్యమునకు తావు లేదు గనుక నశించిన గాలి చోటునకు నీరు వచ్చి చేరుననియు ఆయన తలంచెను.

ఈ వివరణములో రెండు భాగములున్నవి. మొదటిది, గాలి తగ్గినది. రెండవది, శూన్యము ఏర్పడకుండుటకై నీరు లేచినది. ఫైలో కన్నులు చూచినది సత్యమే. కాని గాలి ఎందుచేత తగ్గినది, నీటిని ఎవరు ఎత్తినారు అను రెండు ప్రశ్నలకును ఆయన యిచ్చిన జవాబులు నిలువలేదు. రెండవ ప్రశ్నకు సరియైన జవాబు ముందుగా లభించినది. అందుకును పందొమ్మిది వందల ఏండ్లు పట్టినవి.

నీటిని ఎత్తునది ఎవరు?

పీల్చుడు పంపు నీటిని సుమారు 10 మీటర్లకంటె పైకి లాగజాలదని ఇటలీలోని పనివారికి అనుభవము వలన తెలియును. ప్రకృతికి శూన్యమనిన గిట్టదన్నచో, ఆ అయిష్టము 10 మీటర్లతో ఆగిపోవుటేల? గెలీలియో శిష్యుడు టారిసెల్లి ఈ సమస్యను పాదరసముతో పరీక్షింపదలచెను. పాదరసము నీటికంటె 13.6 రెట్లు బరువైనది. 1643లో ఒక చివర మూసిన పొడవైన గాజు గొట్టమును పాదరసముతో నింపి, పాదరసపు తొట్టిలో తలక్రిందులుగా నిలిపిరి. గొట్టములోని పాదరసము కొంత దిగి, సుమారు 76 సెంటీమీటర్ల ఎత్తున నిలిచినది. గొట్టములోని పాదరసమును పైనుండి ఏదియు లాగుటలేదు. తొట్టిపై ఒత్తుచున్న గాలి బరువే దానిని నిలబెట్టుచున్నదని 1644లో టారిసెల్లి ఒక లేఖలో వివరించెను. 76ను 13.6చే గుణించినచో సుమారు 1,033 సెంటీమీటర్లు వచ్చును. పంపు 10 మీటర్ల వద్ద ఎందుకు ఆగిపోవుచున్నదో దీనితో తేలినది.

ఈ వార్త విని ఫ్రాన్సు దేశస్థుడు మెర్సెన్ 1645లో పారిస్ నగరమున ఆ ప్రయోగమును తిరిగి చేయబూనెను. అది జరుగలేదు. పాదరసపు బరువునకు తాళగల గాజు గొట్టము ఆయనకు లభింపలేదు. మరుసటి సంవత్సరము మంచి గాజు కార్ఖానా గల రువా పట్టణములో గట్టి గొట్టములు దొరకినవి. అక్కడ పెటీ అను ఇంజనీరు పాస్కల్ తండ్రీకొడుకులతో కలిసి 1646లో దానిని నెగ్గించెను. కొడుకైన బ్లేజ్ పాస్కల్‌కు అప్పుడు 23 ఏండ్లు.

ఆ యువకుడే మరొక పరీక్షను ఆలోచించెను. పాదరసమును నిలుపునది గాలి బరువే అయినచో, కొండపైన గాలి తక్కువ గనుక పాదరసము దిగవలెను. ఆయన కోరికపై బావ పెరియే 1648 సెప్టెంబరు 19వ తేదీన ప్యూయి ద డోమ్ అను పర్వతమును ఎక్కెను. శిఖరముపై పాదరసము సుమారు 8 సెంటీమీటర్లు తక్కువగా నిలిచినది. ఇంతకంటె గమనింపదగిన విషయమొకటి కలదు. అటువంటి గొట్టమునే కొండ క్రింద ఊరిలో నిలిపి, దినమంతయు కనిపెట్టి యుండుటకు ఒకరిని నియమించిరి. క్రింది పాదరసము మారలేదు గనుక పైన కలిగిన మార్పునకు ఎత్తే కారణమని నిశ్చయముగా చెప్పగలిగిరి.

ఇంగ్లండులో రాబర్టు బాయిల్ గాలి ఒత్తిడిని, దాని ఘనపరిమాణమును కొలుచుటకు వంపు తిరిగిన పొడవైన గాజు గొట్టములను వాడెను. మొదటి గొట్టము పనిమధ్యలో పగిలిపోయినది. తరువాత తెచ్చిన గొట్టము గదిలో పట్టనంత పొడవు గనుక దానిని మేడమెట్ల వద్ద నిలిపిరి. మరల పగిలినచో పాదరసము పోకుండ అడుగున చెక్కపెట్టె నుంచిరి. ఆ కొలతల నుండియే 1662లో ఆయన ప్రకటించిన సూత్రము వచ్చినది. ఉష్ణోగ్రత మారనప్పుడు ఒక వాయువు పీడనమును దాని ఘనపరిమాణముచే గుణించగా వచ్చు ఫలము స్థిరముగా నుండును.

మెర్సెన్ విఫలమయినాడు, బాయిల్ గొట్టము పగిలినది. అవి గాజు యొక్క ఓటములు. గట్టి గాజు దొరకగానే తీరిపోయినవి. మన విద్యార్థుల జాడీ పగులలేదు. వారి కొలబద్ద తప్పు చెప్పలేదు. ఒక కొవ్వొత్తికి రెండు, రెంటికి నాలుగు, మూటికి అయిదు సెంటీమీటర్లు నీరు నిజముగనే లేచినది. కావున ఇది గాజు ఓటమి కాదు. మనము వెదుకవలసిన తప్పు వేరొక చోట నున్నది.

మేయో తీసికొన్న జాగ్రత్తలు

జాన్ మేయో ఆక్స్‌ఫర్డులో చదివిన ఇంగ్లీషు వైద్యుడు. 1674లో ప్రచురించిన గ్రంథములో ఆయన మంటను గూర్చియు, శ్వాసను గూర్చియు తన ప్రయోగములను వివరించెను. ఫైలో ప్రయోగమునే ఆయన తిరిగి చేసెను. అయితే చేయు విధానములో మూడు మార్పులు చేసెను.

మొదటిది, పాత్రను నీటిలో బోర్లించునప్పుడు లోపల చిక్కిన గాలి నీటిని క్రిందికి నొక్కును. అందువలన లోపలి నీటిమట్టము, వెలుపలి నీటిమట్టము సమానముగా ఉండవు. మేయో ఒక వంపు గొట్టము నుపయోగించి, అదనపు గాలిని వెలుపలికి పోనిచ్చి, రెండు మట్టములను సమానము చేసెను. అప్పుడు లోపలి పీడనము వెలుపలి పీడనముతో సమానమగును. కొలత అచ్చటినుండి మొదలుపెట్టెను.

రెండవది, మండుచున్న వత్తిపై పాత్రను మూసినచో, మూయకముందే గాలి వేడెక్కి యుండును. దీనిని తప్పించుటకు మేయో పాత్రలోపల కర్పూరమును వ్రేలాడదీసి, పాత్రను మూసిన తరువాత, వెలుపలినుండి భూతద్దముతో సూర్యకిరణములను దానిపై కేంద్రీకరించి వెలిగించెను.

మూడవది, మంట ఆరిన వెంటనే కొలువలేదు. పాత్ర చల్లబడువరకు వేచియుండి, ఆ తరువాత నీటిమట్టమును చూచెను.

అప్పుడును గాలి కొంత తగ్గినది. కాని చాల తగ్గలేదు. చుంచెలుక వంటి జంతువులను పాత్రలో నుంచి చూడగా, వాని శ్వాసవలన గాలి సుమారు పదునాల్గవ వంతు మాత్రమే తగ్గినదని ఆయన వ్రాసెను. జంతువును, దీపమును కలిపి మూసినప్పుడు మొదట దీపము ఆరును; జంతువు మరికొంతసేపు బ్రతికియుండి, ఆ తరువాత చనిపోవును. ఇది ముఖ్యమైన సాక్ష్యము. దీపము ఆరినప్పటికి గాలిలోని ప్రాణాధారమైన భాగమంతయు అయిపోయినచో జంతువు ఆ తరువాత నిలువగలుగునా?

మేయో చెప్పిన వివరణము పూర్తిగా సరియైనది కాదు. గాలిలోని కొన్ని అగ్నికణములు పోవుటచే గాలి బిగువు తగ్గుచున్నదని ఆయన తలంచెను. కాని ఆయన కొలిచిన పద్ధతి మన తరగతి పద్ధతికంటె ఎంతో జాగ్రత్తయైనది. వేడి మోసము చేయునని 1674లోనే ఆయన ఎరుగును. మన విద్యార్థులు, వారికంటె ముందు నేను, ఎరుగలేదు.

అయిదవ వంతు ఎచ్చటినుండి వచ్చినది?

గాలి ఒక్క పదార్థము కాదని, దానిలో మంటకు తోడ్పడునది ఒక భాగము మాత్రమేయని 18వ శతాబ్దపు చివరిభాగములో నిర్ధారణమయినది. షీలే, ప్రీస్ట్లీలు ఆమ్లజనిని వేరుపరచిరి. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లవోజియే దాని పాత్రను స్పష్టపరచెను.

1789లో వెలువడిన తన రసాయన గ్రంథములో లవోజియే ఒక ప్రయోగమును వర్ణించెను. వంకర మెడ గల గాజుపాత్రలో నాలుగు ఔన్సుల పాదరసముంచి, దానిని 50 ఘనపు అంగుళముల గాలితో కలిపి బంధించి, పండ్రెండు దినములు కాచెను. పాదరసముపై ఎర్రని పొడి పేరుకొన్నది. అంతయు చల్లారిన తరువాత, పీడనమునకును ఉష్ణోగ్రతకును తగిన సవరణలు చేసి చూడగా, గాలి 42 లేక 43 ఘనపు అంగుళములు మిగిలినది. ఆ ఎర్రని పొడిని వేరుగా కాచగా, పోయిన ఏడెనిమిది ఘనపు అంగుళముల వాయువు తిరిగి లభించినది. అందులో కొవ్వొత్తి ధగధగ మండినది. ఇక్కడ తగ్గినది అయిదవ వంతు కాదు, సుమారు ఆరవ వంతు. లవోజియే దానినే వ్రాసెను.

ఇంగ్లండులో హెన్రీ కావెండిష్ 1781లో అనేక దినములు గాలిని పరీక్షించి, దాని కూర్పు దినదినమునకు మారుట లేదని 1783లో ప్రకటించెను. ఆయన కొలతలనుబట్టి గాలిలో ఆమ్లజని సుమారు 20.8 శాతము. పొడిగాలిలో అది 20.95 శాతమని నేటి కొలతలు తెలుపుచున్నవి. "అయిదవ వంతు" అను మాట ఇట్టి కొలతలనుండి వచ్చినది. కొవ్వొత్తి ప్రయోగమునుండి వచ్చినది కాదు.

కొవ్వొత్తి ఆరునప్పటికి జాడీలోని ఆమ్లజని అంతయు ఖర్చుకాదని లవోజియే 1777 నాటికే గ్రహించెను. మంట నిలుచుటకు గాలిలో ఆమ్లజని కొంత పాలు ఉండితీరవలెను. ఆ పాలు సుమారు 16 శాతమునకు తగ్గగానే సామాన్యమైన కొవ్వొత్తి ఆరిపోవును. 21లో 16 మిగిలియే యుండును. కావెండిష్ సంఖ్యను ఫైలో జాడీకి అతికించి చెప్పు పాఠము ఈ విషయమును మరచినది.

ఈ మరపు తరగతిగదిలో ఒక మార్కు తేడాగానే కనిపించును. బావివద్ద అట్లు కాదు. చాలకాలము మూతపడియున్న బావిలోనికి దిగుటకు ముందు లాంతరును త్రాటితో దించి చూచు అలవాటు మన పల్లెలలో నుండెడిది. దీపము ఆరినచో దిగరాదు. ఆరిన దీపము ఆమ్లజని శూన్యమైనదని చెప్పుట లేదు. మనుష్యునికి అపాయము సమీపించినదని చెప్పుచున్నది. అట్లే దీపము ఆరనంత మాత్రమున అపాయము లేదనియు అర్థము కాదు. మంటను ఆర్పకయే మనుష్యుని చంపగల విషవాయువులు కలవు. కావుననే నేడు ఇట్టి చోట్ల వాయువులను కొలుచు పరికరములను వాడవలెనని చెప్పుచున్నారు. మంటకును గాలికిని గల సంబంధమును సరిగా బోధించుట ప్రాణములకు సంబంధించిన విషయము.

లెక్క చూతము

ఇప్పుడు ఆ బాలిక ప్రశ్నకు వత్తము. కొవ్వొత్తి మైనములో ఉదజని, కర్బనములు కలవు. 25 కర్బన పరమాణువులు, 52 ఉదజని పరమాణువులు గల మైనపు అణువును ఉదాహరణముగా తీసికొందము. అది పూర్తిగా మండుటకు 38 ఆమ్లజని అణువులు కావలెను. మండగా 25 బొగ్గుపులుసు వాయువు అణువులు, 26 నీటి అణువులు పుట్టును. నీటి ఆవిరి చాలవరకు చల్లని గాజుపై చెమర్చును. బొగ్గుపులుసు వాయువు నీటిలో కరగును గాని, కదలక నిలిచిన నీటిలో కొద్ది నిమిషములలో కరగునది స్వల్పము. కావున 38 పాళ్ల వాయువు పోయి, దాని చోట 25 పాళ్ల వాయువు వచ్చినది. నికరముగా తగ్గినది 13 పాళ్లు మాత్రమే.

ఆమ్లజని 21 శాతమునుండి 16 శాతమునకు దిగినది, అనగా 5 శాతము ఖర్చయినది. అందులో 38కి 13 చొప్పున చూచినచో గాలి తగ్గినది సుమారు 1.7 శాతము. 20 సెంటీమీటర్ల జాడీలో ఇది 3 మిల్లీమీటర్లు. మంట చేసిన రసాయనిక మార్పువలన లేవగల నీరు ఇంతియే. మరి మిగిలిన నీరు?

దానికి కారణము వేడి. వాయువులన్నియు ఒకే విధముగా వేడికి వ్యాకోచించునని 1802లో గేలుసాక్ ప్రకటించెను. పీడనము మారనప్పుడు వాయువు ఘనపరిమాణము పరమ ఉష్ణోగ్రతతో పాటు పెరుగును, తగ్గును. సెంటీగ్రేడు డిగ్రీలకు 273 కలిపినచో పరమ ఉష్ణోగ్రత వచ్చును. జాడీని బోర్లించునప్పుడు మంట చుట్టునున్న గాలి అప్పటికే వేడెక్కి వ్యాకోచించి యుండును. బోర్లించిన తరువాతను వేడెక్కుచున్న గాలి జాడీ అంచు క్రిందినుండి బుడగలుగా పోవును. మంట ఆరగానే మిగిలిన గాలి చల్లబడి ముడుచుకొనును. లోపలి పీడనము తగ్గును. వెలుపలి వాతావరణము నీటిని లోనికి నెట్టును. వేడివేడి పప్పు పోసి మూత బిగించిన స్టీలు డబ్బా, చల్లారిన తరువాత మూత తీయుటకు మొరాయించుట మన ఇండ్లలో చూచినదే. జాడీలో నీరు లేచుటకును, డబ్బా మూత బిగియుటకును కారణమొకటే.

గదిలో ఉష్ణోగ్రత 30 డిగ్రీలు అనుకొందము. పరమ ఉష్ణోగ్రతలో 303. ఒక కొవ్వొత్తి మండినప్పుడు జాడీలోని గాలి సగటు ఉష్ణోగ్రత 60 డిగ్రీలు, రెండు మండినప్పుడు 90, మూడు మండినప్పుడు 120 డిగ్రీలు అని లెక్కకొరకు ఊహింతము. పరమ ఉష్ణోగ్రతలు వరుసగా 333, 363, 393. గాలి 303కు చల్లారునప్పుడు ఘనపరిమాణము మొదటి సందర్భమున 9 శాతము, రెండవ సందర్భమున 16.5 శాతము, మూడవ సందర్భమున సుమారు 23 శాతము తగ్గును. వీనికి మంటవలని 1.7 శాతమును కలిపినచో, 20 సెంటీమీటర్ల జాడీలో నీరు సుమారు 2.1, 3.6, 4.9 సెంటీమీటర్లు లేవవలెను. పిల్లల కొలతలు 2, 4, 5. పై ఉష్ణోగ్రతలు ఊహించినవే గాని కొలిచినవి కావు. అయినను కొవ్వొత్తులు పెరిగినకొలది నీరేల ఎక్కువ లేచినదో దీనివలన తెలియుచున్నది. మూడు కొవ్వొత్తులకు ఎక్కువ ఆమ్లజని దొరకలేదు. అవి గాలిని ఎక్కువ వేడిచేసినవి. ఎక్కువ గాలిని వెలుపలికి వెడలగొట్టినవి.

లేచిన నీటిస్తంభపు బరువువలన లోపలి పీడనము వెలుపలి పీడనముకంటె కొంచెము తక్కువగా నుండును. కాని 4 సెంటీమీటర్ల నీరు 1,033లో నాలుగు పాళ్లు మాత్రమే. పై లెక్కలో దానిని విడిచిపెట్టుటవలన పెద్ద తేడా రాదు.

రెండు కొవ్వొత్తులకు అయిదవ వంతు వచ్చుట కేవలము యాదృచ్ఛికము. జాడీ పరిమాణము, వత్తి పొడవు, చేతివేగము మారినచో అదియు మారును. పిల్లలు "ఫెయిలయింది" అని విడిచిపెట్టిన రెండు కొలతలే సత్యమునకు దారి చూపినవి. నెగ్గినదని చూపిన కొలత దారిని మూసివేసినది.

పాఠశాలలో చేయదగిన పరీక్షలు

ఈ విషయమును నమ్ముటకు నా మాట చాలదు. ఉపాధ్యాయులు స్వల్పవ్యయముతో తరగతిలోనే పరీక్షింపవచ్చును.

మొదట, నీరు ఎప్పుడు లేచుచున్నదో గడియారము పెట్టి చూడవలెను. ఆమ్లజని ఖర్చగుటయే కారణమయినచో, వత్తి మండుచున్నంతసేపు నీరు క్రమముగా లేచి, వత్తి ఆరగానే ఆగిపోవలెను. జరుగునది ఇందుకు విరుద్ధము. వత్తి ఆరుచుండగను, ఆరిన తరువాతను నీరు వడిగా లేచును.

రెండవది, జాడీ అంచువద్ద బుడగలను గమనింపవలెను. నీటిలో కొంచెము సబ్బు కలిపినచో అవి చక్కగా కనబడును.

మూడవది, అసలు మంటయే లేకుండ చేయవలెను. ఖాళీ జాడీని వేసవి ఎండలో అరగంట యుంచి, గుడ్డతో పట్టుకొని, గది నీటిలో బోర్లింపవలెను. జాడీలోని గాలి 50 డిగ్రీలకు కాగినచో, 30 డిగ్రీలకు చల్లారునప్పటికి ఆరు శాతము ముడుచుకొనును. 20 సెంటీమీటర్ల జాడీలో నీరు సెంటీమీటరుకంటె పైకి లేచును. ఇచ్చట మండినది ఏదియు లేదు. పెరియే కొండ క్రింద నిలిపిన రెండవ గొట్టము వంటిదే ఈ మంటలేని జాడీ.

నాల్గవది, గాలిలోని ఆమ్లజనిని నిజముగా కొలువదలచినచో కొవ్వొత్తిని విడిచి ఇనుమును ఆశ్రయింపవలెను. తుప్పుపట్టు జాతి ఇనుప పీచును వెనిగరుతో కడిగి, తడి యుండగనే పొడవైన పరీక్షనాళిక అడుగున దోపి, నాళికను నీటిలో బోర్లించి కొన్ని దినములు కదపక యుంచవలెను. తుప్పుపట్టని స్టీలు పీచు దీనికి పనికిరాదు. తుప్పు పట్టునప్పుడు ఇనుము ఆమ్లజనిని గ్రహించును. దానికి బదులు వేరొక వాయువు పుట్టదు. వేడి నెమ్మదిగా పుట్టి పోవుచునే యుండును. నీరు ఇక లేవక నిలిచిన తరువాత, నాళికను నీటిలో పైకో క్రిందికో జరిపి, లోపలి మట్టమును వెలుపలి మట్టమును సమానము చేసి కొలువవలెను. అది మేయో నేర్పిన పని. అప్పుడు నాళికలో సుమారు అయిదవ వంతు నీరుండును. ఆ అయిదవ వంతును ధైర్యముగా పుస్తకములో వ్రాసికొనవచ్చును.

కొవ్వొత్తి ప్రయోగమును పాఠశాలలనుండి తొలగింపవలెనని నా అభిప్రాయము కాదు. వాయుపీడనమును, వేడిచే వాయువుల వ్యాకోచమును, మంటకు గాలి అవసరమును ఒక్క పళ్లెములో చూపు ప్రయోగము మరొకటి సులభముగా దొరకదు. తొలగింపవలసినది, కొలువక ముందే సిద్ధముగా నుంచుకొన్న జవాబు. విద్యార్థి రికార్డులో పాఠ్యపుస్తకపు సంఖ్యకు మార్కులు వేసి, కొలబద్ద చూపిన సంఖ్యకు సున్న వేసినచో, మరుసటి సారి ఆ విద్యార్థి కొలబద్దను చూడడు. ఆ సంగతి నాకు స్వానుభవము.

ఆ దినము ప్రదర్శనములో ఆ ముగ్గురిని రెండవ కొవ్వొత్తిని తీసివేయుమనలేదు. మూడు కొలతలను పట్టికగా వ్రాసి గోడకు అంటింపుమంటిని. పెద్దవాడు కొంచెము సంశయించెను. "తప్పొచ్చినవి కూడానా సార్?" అని అడిగెను. అవి కూడ వ్రాయుమంటిని. బాలిక పట్టిక క్రింద తన ప్రశ్నను పెద్ద అక్షరములతో వ్రాసినది. మధ్యాహ్నమునకు ఆ బల్లవద్ద చూడవచ్చిన పిల్లలు గుమిగూడి, మూడు కొవ్వొత్తులకు ఎక్కువ ఆక్సిజన్ ఎచ్చటినుండి వచ్చినదని వాదించుకొనుచుండిరి. వారిలో ఒకడు వంగి, జాడీ అంచువద్ద బుడగలు పోవుట చూచి, ప్రక్కవానికి వ్రేలితో చూపుచుండెను.